ఉరుము మేడమ్ కంట్లో నలుసు

ఆ రోజు పొద్దున ఉరుము మేడమ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. బడికి కాస్త ముందుగా వెళ్లి, సాయంత్రం జరిగే టీచర్ల ఫుట్‌బాల్ ఆట కోసం మైదానంలో గీతలు గీయాలి. ఆ తర్వాత ప్రిన్సిపల్ గదికి వెళ్లి, గొంతు పెంచకుండా ఒక మాట చెప్పి రావాలి. మొదటిది ఆమెకు చిటికెలో పని. రెండోదాని కోసం మాత్రం అద్దం ముందు నిలబడి సాధన చేయవలసి వచ్చింది.

ఉరుము అన్నది పిల్లలు పెట్టిన పేరు. బడిలో వ్యాయామ విభాగానికి ఆమె పెద్ద. మైదానం ఈ చివర నిలబడి "లైన్లో!" అందంటే ఆ చివరనున్న పిల్లలే కాదు, గోడ అవతల రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఒక్క క్షణం నిటారుగా అయ్యేవారు.

"సార్, మైదానం విషయంలో నాకు కొంత అభ్యంతరం ఉంది," అంది అద్దంతో.

పై అంతస్తులో ఎవరో కిటికీ మూసుకున్నారు.

"ఇంకాస్త తగ్గించు," అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయనకు చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. రోజంతా యంత్రాల మోతలో ఉండే మనిషి కాబట్టే ఆ కాపురం సాఫీగా సాగుతోందని చుట్టాలు అనుకునేవారు.

"తగ్గించే అన్నానండీ!"

"నువ్వు అరిస్తే ఆయనకు అరుపే వినపడుతుంది. మాట వినపడదు. నెమ్మదిగా చెప్పు."

ఆమె తలూపింది. కానీ కడుపు మండిపోతుంటే నెమ్మదిగా చెప్పడం ఎలాగో ఆమెకు నిజంగానే తెలియదు. ముందు రోజు సాయంత్రం మైదానం మధ్యలో ఎవరో కర్రలు పాతి తాడు కట్టారు. ఎందుకని గేటు దగ్గరి కాపలా మనిషిని అడిగితే, సగం మైదానం కార్లు నిలపడానికి తీసుకుంటున్నారని చెప్పాడు. వ్యాయామ విభాగం పెద్దకు మైదానం పోతున్న సంగతి కాపలా మనిషి చెప్పాలి! అప్పటికే లెక్కల మాస్టారు పరీక్షల పేరు చెప్పి ఆటల పీరియడ్లు ఒక్కొక్కటే మింగేస్తున్నాడు. వాన వస్తే ఆడుకునే హాలును సంగీతం వాళ్లు పట్టుకున్నారు. హర్డిల్స్ మీద వంటగది వాళ్లు తువ్వాళ్లు ఆరేసుకుంటున్నారు. అన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోవడమంటే, అరిచి ఊరుకుంది. ఇప్పుడు నేలకే ఎసరు పెట్టారు.

బడికి వెళ్లేసరికి గీతలు గీసే బండి మొరాయించింది. అది చిన్న చక్రాల డబ్బా. పైన సుద్దపొడి పోసి తోస్తే కింద తెల్లగా గీత పడాలి. కిందికి ఏమీ రావడం లేదు. మేడమ్ వంగి, కన్నంలోకి కన్నుపెట్టి చూసి, తాడు కట్టిన వాళ్లందరినీ మనసులో తలుచుకుంటూ డబ్బా మీద అరచేత్తో ఒక్కటి వేసింది. పొడి వచ్చింది. కింద నుంచి కాదు, పై నుంచి.

కొళాయి దగ్గరకు పరుగెత్తి, గుడ్డిగా నీళ్లు కొట్టుకుని, చేతిరుమాలుతో ముఖమంతా తుడుచుకుంది. పొడి చాలావరకు రుమాలులోకి పోయింది గానీ కళ్లు మాత్రం నిప్పుల్లా ఎర్రబడి, ధారగా కారడం మొదలుపెట్టాయి.

అప్పుడే ఆమె కింద పనిచేసే పొడుగు మాస్టారు వచ్చాడు. మనిషి తాడిచెట్టంత, మనసు దూదిపింజంత. కిందటేడు పిల్లల జట్టు ఫైనల్లో ఓడిపోయినప్పుడు పిల్లలకన్నా ఎక్కువగా ఏడ్చింది అతనే. పిల్లల్ని బస్సెక్కించి, అతన్ని ఓదార్చి, ఇంటి దగ్గర దింపి వచ్చింది ఈమె.

"మేడమ్... ఏడుస్తున్నారా?"

"ఏడవడమేమిటయ్యా? కంట్లో పొడి పడింది!"

పొడుగు మాస్టారు ఆమెను చూశాడు. మైదానం మధ్యలో కట్టిన తాడును చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. కంట్లో నలుసు పడిందని చెప్పిన వాళ్లను అతను చాలామందిని ఎరుగును. కిందటేడు తనూ అదే చెప్పాడు.

"అర్థమైంది మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. "పొడే."

"పొడే అంటే ఏమిటా గొంతు?"

"ఏం లేదు మేడమ్. గీతలు నేను గీస్తాను. మీరు కాసేపు నీడలో కూర్చోండి." అని, గీతలు గీయకుండా నేరుగా టీచర్ల గదికి వెళ్లిపోయాడు.

ఆమె కళ్లు ఒత్తుకుంటూ అక్కడికి చేరేసరికి టీచర్ల గది చావింటిలా ఉంది. ఎప్పుడూ ఆమె రాగానే చెవులు మూసుకున్నట్టు నటించే వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ జరిపారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈ రోజు ఆటల పీరియడ్ నేను తీసుకోనులెండి. మీరే ఉంచుకోండి."

"ఉంచుకోండేమిటి మాస్టారూ? అది నాదే!"

"మీదే, మీదే. ఏడవకండి."

"నేను ఏడవడం లేదు! కోపంగా ఉన్నాను!" అని ఆమె గద్దించింది. గద్దించినప్పుడల్లా కళ్లలోంచి ఇంకొంచెం నీరు ఉబికింది.

సంగీతం టీచరమ్మ వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ అమ్మాయి పుస్తకాలు చదివి మనుషుల మనసుల గురించి ఈ మధ్యే తెలుసుకుంది.

"కోపం పైపొర మాత్రమే అక్కా. కింద దుఃఖం ఉంటుంది. అందరికీ మీరు ధైర్యం చెబుతారు. మీకు చెప్పేదెవరు?"

"నాకెవరూ చెప్పనక్కర్లేదమ్మాయ్. ముందు ఆ హాలు ఖాళీ చేయించు."

"చేయిస్తానక్కా. తప్పకుండా చేయిస్తాను," అంటూ ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది.

ఉరుము మేడమ్‌కు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు న్యాయంగా అడిగితే ఒక్కరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఏడుస్తోందనుకుని అడగకుండానే ఇస్తున్నారు. ముష్టి వేస్తున్నట్టు! ఆ ఊపులోనే లేచి ప్రిన్సిపల్ గదికి నడిచింది.

గుమ్మంలో ఆగి ఊపిరి పీల్చుకుంది. భర్త చెప్పింది గుర్తు తెచ్చుకుంది. లోపలికి వెళ్లి, ఎంత నెమ్మదిగా అంటే తన గొంతు తనకే పరాయిగా వినపడేంత నెమ్మదిగా మొదలుపెట్టింది.

"సార్, మైదానం విషయంలో నాకు కొంత..."

రెండు చుక్కలు ఆమె చెంపల మీదుగా జారి బల్ల మీది అద్దం పలక మీద టప్పుటప్పున పడ్డాయి.

ప్రిన్సిపల్ కుర్చీలో వెనక్కి జరిగాడు. సన్నగా, నీటుగా, ఎవరితోనూ మాట పెంచుకోని మనిషి. ఉరుము మేడమ్ అరవడం ఆయన చాలాసార్లు విన్నాడు. అరిచినప్పుడు కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటే అదే ఆగిపోతుందని ఆయనకు అనుభవం. నెమ్మదిగా మాట్లాడుతూ కన్నీళ్లు కార్చే ఉరుము మేడమ్‌ను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"మేడమ్, దయచేసి... ఈ విషయం తర్వాత చూద్దాం. మీ మనసు కుదుటపడ్డాక."

"నా మనసు కుదుటగానే ఉంది సార్. నాకు కొంత అభ్యంతరం..."

"వద్దు వద్దు. వెళ్లి విశ్రాంతి తీసుకోండి." ఆయనే లేచి తలుపు తీశాడు.

సాధన చేసిన వాక్యం పూర్తిగా ఒక్కసారైనా బయటపడలేదు. ఆ అవమానంతో ఆమె ఆటసామాను గదికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. గాలి పోయిన బంతుల మధ్య, హైజంప్ పరుపు మీద కూలబడింది.

మీకు చెప్పేదెవరు అన్న మాట ఎందుకో వదలలేదు. ప్రతి ఏడూ జట్టు ఎంపిక చేసిన రోజున, చోటు దొరకని పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి చెప్పేది ఆమే. ఆ ముఖాలు చూడలేక ఇంటికెళ్లాక అన్నం సయించేది కాదు. ఆ పిల్లల తల్లిదండ్రుల చేత తిట్లు తినేది ఆమే. మోకాలు పగిలిన వాళ్లు, ఓడిన వాళ్లు, గెలిచి పొగరెక్కిన వాళ్లు, పొడుగు మాస్టారు, అందరూ ఆమె దగ్గరకే వచ్చేవారు. ఆమె ఎక్కడికి వెళ్తుందో ఎవరూ అడగలేదు. గాలి పోయిన బంతినొకదాన్ని ఒళ్లోకి తీసుకుని ఒక్క క్షణం నిజంగానే ఏడవబోయింది. వెంటనే ఆ సంగీతం పిల్ల మీద కోపం వచ్చింది. లేనిపోనివి నెత్తికెక్కించింది!

కళ్ల మంట పెరుగుతుంటే భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, ఎంత పనున్నా సరే, మందు తీసుకుని వెంటనే రండి... ఆఁ, ఎప్పుడూ తెచ్చేదే. ఇంట్లో సీసా అయిపోయిందిగా, కొత్తది కొనండి. అది పడితేగానీ ఈ పూట గడిచేలా లేదు... పిల్లల ముందు వద్దండీ, పరువు పోతుంది. ఆటసామాను గదిలోకి తెచ్చేయండి. చాటుగా కానిచ్చేద్దాం."

పిల్లల ముందు వద్దనడానికి కారణం ఉంది. ఎంత ధైర్యవంతురాలైనా కంట్లో చుక్కలు వేయించుకోవాలంటే ఆమె చిన్నపిల్లలా కాళ్లు కొట్టుకునేది. ఆ కారణం తలుపు బయట, అక్కను ఓదార్చడానికి వచ్చి నిలబడిన సంగీతం టీచరమ్మకు తెలియదు. ఆమె విన్నది మందు, సీసా, చాటుగా అన్న మాటలు. ఆ ఎర్రబడ్డ కళ్లకు అర్థం ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల ఒక్క పరుగున ప్రిన్సిపల్ గదికి చేరింది. అక్కడ ఏదో సంతకానికి వచ్చిన లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు.

"సార్, అక్క... మందుకు అలవాటు పడింది."

"బడిలోనా?" అన్నాడు ప్రిన్సిపల్.

"ఆటసామాను గదిలో. భర్తే తెచ్చిస్తాడట."

"నేను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు లెక్కల మాస్టారు. "మామూలు మనిషికి అంత గొంతు ఉండదు."

కాసేపటికి ప్రెస్సాయన గేటు దగ్గర బండి దిగాడు. వేళ్లకు సిరా, చేతిలో చిత్తుకాగితంలో చుట్టిన చిన్న పొట్లం. ముగ్గురూ ఎదురెళ్లి, ఆయన్ను మర్యాదగా ప్రిన్సిపల్ గదికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు.

"ఎన్నాళ్ల నుంచండీ ఇది?" అన్నాడు ప్రిన్సిపల్ జాలిగా.

"ఎప్పటినుంచో ఉందండీ. మైదానంలో ఉద్యోగం కదా, తప్పదు. ఈ మధ్య కాస్త ఎక్కువైంది."

"రోజుకు ఎంత?"

"రెండు చుక్కలండీ. పొద్దున రెండు, పడుకోబోయేముందు రెండు."

"అందరూ రెండు చుక్కలనే చెబుతారు," అని గొణిగాడు లెక్కల మాస్టారు.

"అంతకన్నా ఎక్కువ వేస్తే మండుతుందండీ. అసలు తనంతట తను వేసుకోదు, భయం. తల వెనక్కి వంచి నేనే పోస్తాను."

సంగీతం టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మీరే పోస్తారా!"

"కట్టుకున్నాక ఆ మాత్రం చేయకపోతే ఎలాగమ్మా? నేను లేకపోతే మా అమ్మాయి పోస్తుంది. దాని చెయ్యి నాకన్నా నిదానం."

ప్రిన్సిపల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ప్రెస్సాయనకు ఈ బడి వాళ్లు తన భార్య కళ్ల గురించి ఇంత శ్రద్ధ తీసుకుంటున్నారని మనసు నిండిపోయింది. ఈమె వీళ్లనా రోజూ ఇంటికొచ్చి తిట్టేది అనుకున్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎదురుచూసి ఎదురుచూసి, భర్త బండి గేటు దగ్గరే ఉందని విని, ఉరుము మేడమ్ వచ్చింది.

"మీరిక్కడేం చేస్తున్నారండీ? అక్కడ నా ప్రాణం పోతుంటే! మందేదీ?"

"అక్కా, వద్దు!" అని సంగీతం టీచరమ్మ అడ్డుపడింది. "ఒప్పుకుంటే సగం నయమైనట్టే. మేమంతా ఉన్నాం."

"ఏమిటి ఒప్పుకోవాల్సింది?"

ప్రిన్సిపల్ నేల చూపులు చూశాడు. "మేడమ్, మానుకోవడానికి ఇప్పుడు మంచి చోట్లున్నాయి. సెలవు ఇస్తాను. బయటికి పొక్కనివ్వను. తాగుడు కూడా ఒక జబ్బే."



ప్రెస్సాయన అయోమయంగా పొట్లం విప్పాడు. బొటనవేలంత సీసా. దాని మీద పెద్ద అక్షరాలతో కంటి చుక్కలు అని రాసి ఉంది. లెక్కల మాస్టారు దాన్ని దగ్గరకు తీసుకుని చదివాడు. నెమ్మదిగా బల్ల మీద పెట్టి, తలుపు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.

"తాగుతున్నానా!" అంది ఉరుము మేడమ్. కిటికీ అద్దాలు అదిరాయి. "నేను! తాగుతున్నానా! పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను, కంట్లో పొడి పడిందని. ఒక్కరు నమ్మారా? నేను తాగుతానని నమ్మడానికి మీకు ఒక్క పూట చాలింది. పిల్లలకు ఆడుకునే చోటు కావాలని నమ్మడానికి ఇన్నేళ్లూ చాలలేదు! లెక్కలు ముఖ్యం, పాటలు ముఖ్యం, చివరికి కార్లు కూడా ముఖ్యం. పిల్లలు పరుగెత్తడమొక్కటే దండగ! ఏడిస్తే నీళ్లిస్తారు, తాగితే సెలవిస్తారు, న్యాయం అడిగితే మాత్రం తలుపు తీసి బయటికి పంపుతారు. నా మైదానం మధ్యలో తాడు కట్టేముందు నన్నొక్క మాట అడగాలని మీలో ఒక్కరికైనా..."

అక్కడ ఆగిపోయింది. ప్రిన్సిపల్ పై పెదవి వణుకుతోంది. చూస్తుండగానే ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"సార్?"

"నన్నెవరూ పిలిచేవాళ్లు కాదు మేడమ్."

"ఎక్కడికి?"

"ఆటకి. చిన్నప్పుడు. ఇద్దరు కెప్టెన్లు నిలబడి ఒక్కొక్కళ్లనే పిలుచుకునేవాళ్లు. ఆఖరికి నేనొక్కణ్నే మిగిలేవాణ్ని. వీణ్ని నువ్వు తీసుకోరా అంటే, నాకొద్దు నువ్వే తీసుకో అని వాళ్లిద్దరూ తన్నుకునేవాళ్లు. చివరికి నన్ను సంచుల దగ్గర కాపలా కూర్చోబెట్టేవాళ్లు." ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ఆ కిటికీలోంచి మైదానం కనబడితే ఇప్పటికీ తెర లాగేస్తాను. కార్లు పెట్టేస్తే కనబడదు కదా అనుకున్నాను. కార్లు ఎవర్నీ వద్దనవు మేడమ్."

ఉరుము మేడమ్ కోపం చల్లారలేదు. దిక్కు మాత్రం మార్చుకుంది.

"అప్పుడు మీ డ్రిల్ మాస్టారేం చేస్తున్నాడు సార్? నిద్రపోతున్నాడా? పిల్లల చేత జట్లు కట్టించే పద్ధతి అదా? ఒక పిల్లాణ్ని అందరిముందూ అలా నిలబెట్టి... ఎవడు సార్ ఆయన? బతికున్నాడా?"

"పోయాడనుకుంటా."

"బతికిపోయాడు!" అంటూ ఆమె ఆయన కుర్చీ పక్కన గొంతుకూర్చుంది. ఏడ్చే పిల్లల దగ్గర అలా కూర్చోవడం ఆమెకు ఎన్నేళ్లుగానో అలవాటు. గొంతు దానంతటదే మారింది. అద్దం ముందు ఎంత ప్రయత్నించినా రాని ఆ మెత్తదనం ఇప్పుడు అడక్కుండానే వచ్చింది. "ఊపిరి పీల్చండి. నెమ్మదిగా. ఇప్పుడు వదలండి. ఊఁ, అంతే. కళ్లు తుడుచుకోండి." జేబులోంచి తన చేతిరుమాలు తీసి ఇచ్చింది.

ఆయన కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు.

పొద్దుటి సుద్దపొడి అంతా ఆ రుమాలులోనే ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఆలోచించే వ్యవధి లేదు. కూజాలోని నీళ్లతో ఆయన కళ్లు కడిగించి, తల వెనక్కి వంచి, గడ్డం కింద చెయ్యి వేసి కదలకుండా పట్టుకుంది. "మీరు పోయండి!" అని భర్తను కేకేసింది. ప్రెస్సాయన సీసా మూత తిప్పాడు. ప్రిన్సిపల్ కూడా కాళ్లు కొట్టుకునే రకమేనని తేలింది. సంగీతం టీచరమ్మ ఆయన కాళ్లు పట్టుకోవలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే, మేడమ్ ఎలా ఉందోనని చూడటానికి వచ్చిన పొడుగు మాస్టారు తలుపు అద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. ఆరుబయట ఎదురైన వాళ్లందరికీ అతను ఒకటే మాట చెప్పాడు. "మేడమ్ ప్రిన్సిపల్ గారి పీక పట్టుకుని, మొగుడి చేత ఏదో తాగిస్తున్నారు. సంగీతం వాళ్లు కూడా మన పక్షమే."

ఆ మధ్యాహ్నానికి హర్డిల్స్ మీద తువ్వాళ్లు లేవు. హాలు తాళంచెవి మేడమ్ బల్ల మీదికి వచ్చింది. మైదానం మధ్య కర్రలను కాపలా మనిషి తనంతట తానే పీకి కట్ట కట్టాడు. పొడుగు మాస్టారు ఎట్టకేలకు గీతలు గీశాడు. గదిలోంచి అందరికన్నా ముందు జారుకున్న లెక్కల మాస్టారు తన క్లాసు పిల్లల్ని గంట కొట్టకముందే మైదానంలోకి తరిమి, తలుపు దగ్గరే నిలబడి ఎవరైనా వెనక్కి వస్తారేమోనని చూస్తున్నాడు.

కళ్లు తేటపడ్డాక ప్రిన్సిపల్ కూడా కిందికి వచ్చాడు. చాలాసేపు గీత అవతలే నిలబడి, బూటు ముక్కుతో మట్టి గీరాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. అలా ఆయన్ను ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"మైదానం సంగతి... అది అలాగే ఉంటుంది మేడమ్. కార్లకు వేరే చోటు చూస్తాను."

"మంచిది సార్."

"సాయంత్రం ఆట టీచర్లకేనా? లేక ఎవరైనా..."

వాక్యం ఆయన పూర్తి చేయలేదు. ఆమె కూడా పూర్తి చేయమనలేదు.

సాయంత్రం టీచర్లంతా గీత మీద నిలబడ్డారు. కెప్టెన్లను పిలవనివ్వలేదు, జట్లు తానే కడతానంది ఉరుము మేడమ్. అందరికన్నా ముందు, గోడ అవతలి రోడ్డు కూడా ఉలిక్కిపడేలా, ప్రిన్సిపల్‌ను పిలిచింది. ఆయన పరుగున ముందుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ఆయన ఆట ఎలా ఉంటుందో పొడుగు మాస్టారు అంతకు ముందే ఒక బంతి వేసి చూసి, ఆమె చెవిలో చెప్పి ఉన్నాడు.

ఆయన్ను ఆమె లెక్కల మాస్టారి జట్టులో వేసింది.